పేరు పడేదాకా ఆగాల్సిందే

కళ్యాణదుర్గంలో అబ్దుల్ గఫూర్ ఎవరినైనా క్షమిస్తాడు గానీ, వీడియో గేమ్ మొదట్లో వచ్చే కథను చూడకుండా నేరుగా ఆటలోకి దూకేవాణ్ణి మాత్రం క్షమించడు.

ఆయన గేమ్ సెంటర్ బస్టాండు వెనక సందులో ఉంది. దానికి ఆనుకునే నా సెల్‌ఫోన్ రిపేరు దుకాణం. మధ్య గోడ పల్చన కాబట్టి అక్కడ ఏం జరిగినా నాకు వినపడుతుంది. ఆట మొదలయ్యే ముందు తెర మీద కాసేపు కథ నడుస్తుంది కదా! కొండలు, కోటలు కనిపిస్తాయి, సంగీతం వస్తుంది, ఎవరో మాట్లాడతారు, ఆఖరున ఆట పేరు పెద్ద అక్షరాల్లో పడుతుంది. అదంతా వద్దనుకునేవాళ్ళకు రిమోట్‌లో ఒక బటన్ ఉంటుంది. దాని మీద ఎవరి బొటనవేలైనా వాలిందంటే చాలు, గోడ అవతల కేక లేస్తుంది.

"ఆగప్పా! ఇంగా పేరు పడలేదు!"

ఫుట్‌బాల్ ఆటకు కూడా ఇదే చట్టం. షేర్ ఆటో నడిపే కేశవ ఒకసారి తిరగబడ్డాడు.

"అన్నా, ఇది బంతాట. దీంట్లో కథేముండాది?"

"ఆ ఆటగాడు బయటికి వస్తా మెట్టుకు మొక్కినాడు, చూసినావా?"

"చూసినా."

"ఎందుకు మొక్కినాడు?"

"నాకేం తెలుసన్నా?"

"పోయినసారి ఓడిపోయినాడు, అందుకు! ఇప్పుడు వాని కాళ్ళు నీ చేతిలో ఉండాయి. వాని బాధ తెలీకుండా బంతి ఎట్ల తంతావప్పా?"

కేశవ ఆరోజు ఎంతో బాధ్యతగా ఆడి, చిత్తుగా ఓడిపోయాడు.

కార్ల పందెం మొదలైతే గఫూరన్న టీవీ పక్కన నిలబడి చెయ్యెత్తి చూపించేవాడు. "వాన పడతాండాది. దీపాలు ఒకటొకటే ఆరిపోతాండాయి. సంగీతంలో ఒకటే తీగ. అంటే ఏమి? ఈ ఆటలో గెలిచినా నవ్వు రాదు. మనసును ముందే తయారు చేసుకోండి!" పేరు ఎలా పడిందన్నది కూడా ఆయనకు ముఖ్యమే. పొగలోంచి మెల్లగా తేలి వస్తే, తొందరపడకుండా ఆడాలి. ధబీమని వచ్చి పడితే, "మొదటి మలుపులోనే ఎవడో మీద పడతాడు, చూస్కోండి" అనేవాడు. ఎవడో ఒకడు పడేవాడు కూడా.

ఈ జబ్బు దుకాణంతో ఆగేది కాదు. పెళ్ళికి పిలిస్తే షామియానా గుంజలు పాతేటప్పటికే వెళ్ళి కూర్చునేవాడు. ఇంట్లో వాళ్ళావిడ షరీఫాబీ కష్టాలు వేరే. "కొత్తిమీర దొరికిందా అని అడిగితే చెప్పడప్పా," అని ఒకసారి నా దగ్గర మొత్తుకుంది. "పొయ్యి మీద నూనె కాగుతాండాది. ఈయప్ప సంతకు బయల్దేరినప్పుడు మబ్బు ఎట్లుండెనో చెప్తాండాడు!"

ఇంతలో మెయిన్‌రోడ్డు మీద కొత్త గేమ్ సెంటర్ వచ్చింది. "కథల్లేవు, నేరుగా ఆటే" అని బోర్డు పెట్టారు. కాలేజీ కుర్రాళ్ళు చాలామంది అక్కడికి మళ్ళారు. నాకు దిగులేసింది.

"అన్నా, ఈ పట్టుదల మానుకో. బేరం పోతాండాది."

"పోనీలే ఆంజనేయులూ. దారి తెలిసినోళ్ళు యాడన్నా ఆడుకుంటారు."

ఆ మాటకు అర్థమేమిటో నాకు బోధపడలేదు. ఏదో వేదాంతమనుకుని వదిలేశాను.

కొన్నాళ్ళకు, కేకలేసి కేకలేసి గఫూరన్న గొంతు వాచింది. నోరు తెరవకూడదన్నాడు డాక్టరు. దుకాణం తాళాలు నాకు వచ్చాయి. వెళ్ళిన మొదటిరోజే స్వాతంత్ర్యం ప్రకటించాను. "ఈపొద్దు ఎవరికిష్టమొచ్చినట్ల వాళ్ళు ఆడుకోండప్పా. కథ చూడనక్కర్లేదు!" అందరూ చప్పట్లు కొట్టారు.

అప్పుడే ఒక కొత్త ఆట వచ్చి ఉంది. కేశవ, శెనక్కాయల మిల్లులో మూటలు మోసే యేసన్న కలిసి కూర్చున్నారు. కేశవ దర్జాగా బటన్ నొక్కాడు. వాళ్ళ ఆటగాడు నేరుగా ఎండిపోయిన చెరువు మధ్యలో తేలాడు. పక్కనే బురద ఎండి నెర్రెలిచ్చినచోట ఒక పడవ. తెర పైన ఇంగ్లీషులో ఏవో అక్షరాలు వచ్చి పోతున్నాయి. ఆటగాడు పడవ చుట్టూ తిరిగాడు. గొడ్డలితో పడవను కొట్టాడు. రాయిని కొట్టాడు. మళ్ళీ పడవను కొట్టాడు. చప్పట్లు కొట్టినవాళ్ళు చప్పబడిపోయారు.

"ఈ ఆట బాగలేదన్నా," అని కేశవ రిమోట్ పక్కన పెట్టాడు.

యేసన్న గుమ్మందాకా వెళ్ళి ఆగాడు. నా వైపు కాకుండా తలుపు గొళ్ళెం వైపు చూస్తూ అడిగాడు.

"అన్నా, గఫూరన్న మాదిరి నువ్వు కథ చెప్పవా? ఊరికే... వినడానికి బాగుంటాదని."

అప్పుడు వెలిగింది నాకు. ఆ అక్షరాలు వీళ్ళు చదవలేరు. యేసన్నే కాదు, కేశవ కూడా. కొత్త సెంటర్‌కు పోకుండా ఇక్కడే మిగిలిన వాళ్ళలో చాలామందిది ఇదే సంగతి. చదవడం రాదని చెప్పడానికి నోరు రాక, కథంటే విసుగన్నట్టు బటన్ నొక్కుతున్నారు.

ఆటను మొదటికి తెచ్చి, టీవీ పక్కన నిలబడ్డాను. నా ఇంగ్లీషు ఫోన్ డబ్బాల మీది రాతల వరకు బాగానే ఉంటుంది. పిల్లనగ్రోవి వినిపించింది, చెరువు కనిపించింది, దీపం పట్టుకుని ఒక ముసలామె వచ్చింది. కింద అక్షరాలు పడ్డాయి. కూడబలుక్కుని చెప్పాను. "ఈ అవ్వ ఊరి కోసం నీళ్ళు దాచిపెట్టింది. ఆమెను కాపాడల్ల!"

ఇక చూడాలి వాళ్ళ ఉత్సాహం! అవ్వను వీపున మోశారు. అవ్వ మీదికి వచ్చిన ఊరివాళ్ళను తరిమి తరిమి కొట్టారు. మర్నాటికి ఈ సంగతి పాకి, మిల్లు నుంచి మరి కొందరు వచ్చి అవ్వకు కాపలా కాశారు.

ఆ సాయంత్రం గర్వంగా గఫూరన్న ఇంటికి వెళ్ళాను. మెడకు గుడ్డ చుట్టుకుని మంచం మీద కూర్చున్నాడు. ఆయన చెల్లెలి కూతురు ఆసియా, డిగ్రీ చదువుతున్న అమ్మాయి, ఫోన్‌లో అదే ఆట మొదటి కథను ఆపి ఆపి ఒక్కో మాటకు తెలుగు చెబుతోంది. ఆయన శబ్దం లేకుండా పెదాలు కదుపుతూ వల్లె వేస్తున్నాడు.

"అన్నా, నీకూ ఇంగ్లీషు రాదా?"

"ఈయప్పకు యాడొస్తాది?" అంది షరీఫాబీ. "ఏ ఆటొచ్చినా ఈ పిల్ల ప్రాణం తీసి నేర్చుకోని పోతాడు."

"మరి చదవడం రానోళ్ళకు చెప్తానని నేరుగా అనొచ్చు గదన్నా? ఇన్ని కేకలెందుకు?"

డాక్టరు మాట పక్కన పెట్టి ఆయన గుసగుసగా అన్నాడు. "అట్లంటే ఎవడొస్తాడు? అడగాలంటే నామోషీ గదప్పా. నేనే తిక్కోని మాదిరి ఆపితే, తిక్క నాది, కథ వాళ్ళది."

మాట మార్చడానికి అవ్వను మేం ఎంత బాగా కాపాడుతున్నామో చెప్పాను. ఆసియా ఫోన్ కింద పెట్టి నా వైపు తిరిగింది.

"మామా, ఆ అవ్వ నీళ్ళు దాచింది ఊరి కోసం కాదు. ఊరికి దక్కకుండా!"

గఫూరన్న భుజాలు అదిరేలా నవ్వాడు, శబ్దం లేకుండానే. "ఆమె రాంగానే పిల్లనగ్రోవి ఆగిపోయింది. చేతిలో దీపముండాది, మొగం మీద వెలుగు లేదు. చూడలేదా నువ్వు?"

నేను అక్షరాలే చూశాను.

గొంతు బాగయ్యాక ఆయనే దుకాణానికి వచ్చాడు. లోపల యేసన్న అవ్వను వీపున వేసుకుని చెరువు గట్టు ఎక్కిస్తున్నాడు. చుట్టూ మిల్లువాళ్ళు. వాళ్ళకు నిజం ఎలా చెప్పాలా అని నేను గుమ్మం దగ్గరే తచ్చాడుతున్నాను. గఫూరన్న టీవీకి అడ్డంగా నిలబడ్డాడు.

"ఆపండప్పా! కంపెనీవాళ్ళు ఆట మార్చినారంట. అవ్వ గుణం మారిపోయింది. మొదట్నించి చూడల్ల."

"ఆమె గుణం ఎట్ల మారుతుందన్నా?" అన్నాడు కేశవ.

"అప్‌డేట్! ఆంజనేయులునే అడుగు, ఫోన్లు కూడా అట్లనే మారతాయి."

అందరూ నా వైపు తిరిగారు.

"అవునప్పా, మారతాయి," అన్నాను.

గఫూరన్న ఆటను మొదటికి తెచ్చాడు. నేనూ కుర్చీ లాక్కుని వాళ్ళ మధ్య కూర్చున్నాను. చెరువు వచ్చింది, పడవ వచ్చింది. అవ్వ అడుగుపెట్టగానే పిల్లనగ్రోవి టక్కున ఆగింది.

యేసన్న నా చెవి దగ్గరికి వంగాడు.

"చెప్తే బాగుండదని ఊరుకున్నా గానీ అన్నా, ఈ ముసలిదాని మీద నాకు మొదట్నించీ అనుమానమే!"