డాబా మీది బీరతీగ, మా అత్తమ్మ నాడి

ఆ రోజుల్లో మేడ్చల్‌లో కొత్తిల్లు కట్టడమంటే వాకిట్లో పిడికెడు మట్టి కూడా కనబడకుండా సిమెంటు పరవడమే. తొంభైల్లో ఆ ఇంటికి కొత్త కోడలిగా వచ్చిన నాకు, యాప్రాల్‌లో మా అమ్మ పెంచిన తులసి తప్ప ఇంకో మొక్క గురించి తెలియదు. అయినా ఆ వయసులో తెలియదని ఒప్పుకుంటామా! రంగులు వేసినవాళ్లు వదిలేసిన ప్లాస్టిక్ డబ్బాల్లో మట్టి నింపి డాబా మీద బీరగింజలు పెట్టాను. తీగ పాకింది. మొదటి పువ్వును మా ఆయనను కూడా పిలవనంత ముద్దుగా పలకరించాను (ఆయన ఇప్పటికీ దెప్పుతుంటారు).

ఎండలు ముదిరాక ఒక మిట్టమధ్యాహ్నం వడియాలు తిప్పడానికి వెళ్తే ఆకులన్నీ తడిగుడ్డల్లా వేలాడుతున్నాయి. మా అత్తమ్మ సర్కారు దవఖానాలో నర్సు, పొద్దున పోతే సాయంత్రానికి వచ్చేది. రాగానే, "అత్తమ్మా, బీరతీగ సచ్చిపోయింది" అని ఏడుస్తూ పైకి తీసుకుపోయాను. తీగ ఆకులన్నీ విప్పుకొని, నన్నెన్నడూ ఎరగనట్టు నిలబడి ఉంది. "ఏది పిల్లా, సచ్చింది?" అంది అత్తమ్మ.

మర్నాడూ అదే తంతు. మధ్యాహ్నం చావు, సాయంత్రం బతుకు. గొడుగు కట్టాను, కాలిపోతున్న డబ్బాలకు తడి గోనెసంచులు చుట్టాను, అయినా వాలిపోయేది. ఆదివారం తల్లీకొడుకులను మధ్యాహ్నమే పైకి లాక్కుపోతే ఆ రోజే మబ్బు పట్టింది, తీగ కళకళలాడుతోంది! దాంతో అత్తమ్మ చూపు తీగ మీద నుంచి నా మీదికి మళ్లింది. నాడి పట్టింది, కనురెప్ప కిందికి లాగి చూసింది. ఎండదెబ్బేనని తేల్చి ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్లు గ్లాసుల కొద్దీ తాగించింది. "ఎండలు తగ్గేదాంక పిల్లను తల్లిగారింట్ల ఉంచుదాం రా" అని మా ఆయనతో గుసగుసలాడటం విన్నాను. పెళ్లై ఏడాదైనా కాలేదు. పిచ్చిదని పంపేస్తున్నారని భయమేసింది. అసలు నా కళ్ల మీద నాకే నమ్మకం పోయింది.

నన్ను యాప్రాల్‌లో దింపడానికి అత్తమ్మ సగం పూట సెలవు పెట్టి మధ్యాహ్నమే వచ్చింది. ఆరేసిన నా చీర తెస్తానని డాబా ఎక్కింది. ఎంతసేపటికీ దిగలేదు. వెళ్లి చూస్తే, వాలిపోయిన తీగ ముందు నిలబడి తన మణికట్టు తానే పట్టుకుని నాడి లెక్కపెట్టుకుంటోంది.

"బిడ్డా," అంది చిన్నగా, "నాకు గూడ తగిలినట్టుంది. జర ఉప్పునీళ్లు కలుపు."

ప్రయాణం మాట ఎవరూ ఎత్తలేదు. ఇద్దరం తలల మీద తడిబట్టలు వేసుకుని ఒకే చాప మీద పడుకున్నాం. పొద్దువాలాక చేతులు పట్టుకుని మెట్లెక్కాం. తీగ నిక్షేపంగా ఉంది. అత్తమ్మ దాన్ని చూసింది, నన్ను చూసింది.

"ఇద్దరికి ఒక్కపారే ఎట్ల తగ్గింది?"

"ఏమో అత్తమ్మా!"

"వానికి చెప్పకు. ఇద్దర్ని దీస్కపోయి దవఖానల ఏస్తడు."

మండే ఎండలో ఆకులు అలా వాలి, చల్లబడ్డాక లేస్తాయని చాలా ఏళ్లకు షామీర్‌పేట దారిలో ఒక నర్సరీలో తెలిసింది. అత్తమ్మకు మాత్రం చెప్పలేదు. ఒకే చాప మీద పడుకున్న ఆ రోజు నుంచి నేనెంత వింత సంగతి చెప్పినా, "నువ్వు జూసినవంటే ఉంటది బిడ్డా" అంటుంది. ఆ ఒక్క మాట కోసం డాబా మీద నడినెత్తి ఎండలో అల్లాడిన ఆ వెర్రిపిల్లను తలచుకుంటే నవ్వొస్తుంది. దగ్గరికి తీసుకోవాలనీ అనిపిస్తుంది.