కలుపుగోలు పిల్ల

మొన్న శంషాబాద్‌లో ఒక గృహప్రవేశానికి వెళ్తే, పంక్తిలోకి ఆవ పెట్టిన పులిహోర వచ్చింది. ఆ ఘాటు ముక్కుకు తగలగానే హైమావతి మేడమ్ గుర్తొచ్చి, కాసేపు ముద్ద ఎత్తలేకపోయాను.

మేడమ్‌ది కోస్తా. భర్త ఉద్యోగరీత్యా ఇక్కడ స్థిరపడి, ఎయిర్‌పోర్టులో కొలువులు వెతుక్కునే మా చుట్టుపక్కల ఊళ్ళ ఆడపిల్లలకు ఇంగ్లిష్ నేర్పేవారు. నాది తొండుపల్లి. నా పక్కన కూర్చునే రజితది రావిర్యాల. ఒకరోజు మేడమ్ టిఫిన్ డబ్బా తెరిచి ఆవ పెట్టిన పులిహోర చూపించారు. "చింతపండు అన్నంలో కలిసిపోయింది, ఇక విడదీయలేం. అది బ్లెండ్. పల్లీలూ కలిశాయి, కానీ పల్లీ పల్లీగానే ఉంది. మింగిల్ అంటే అలా కలవడం. నలుగురిలోకి వెళ్ళి మాట కలపడాన్నీ అలాగే అంటాం. ఎవరితో అని చెప్పాలంటే పక్కన 'విత్' రావాలి" అన్నారు. నేను వెంటనే లేచి తప్పు లేని వాక్యం ఒకటి చెప్పాను. "బాగుంది, కూర్చో" అన్నారు. అప్పుడు రజిత, "మింగిల్ అంటే మింగుడు అనుకున్న మేడమ్! జర ఆ డబ్బా ఇటియ్యుండ్రి, మింగి చూపిస్త" అంది. మేడమ్ కళ్ళలో నీళ్ళు తిరిగేలా నవ్వారు. నా వాక్యానికి ఆ నవ్వులో పావు వంతైనా దక్కలేదే అని నా కడుపు రగిలిపోయింది.

కోర్సు చివర్లో మా అమ్మలను పిలిచి మేడమ్ తేనీటి విందు ఇచ్చారు. వాళ్ళే అతిథులు, మేం మర్యాదలు చేయాలి. నేను వాక్యాలన్నీ మనసులో పేర్చుకుని కిటికీ దగ్గరే ఉండిపోయాను. రజిత మా అమ్మ పక్కన చేరి, ఆమె మోకాళ్ళ నొప్పుల దగ్గర్నుంచి మా బర్రె ఈనిన సంగతిదాకా రాబట్టింది. ఇంటికి పోతూ ఆటోలో అమ్మ, "ఎంత కలుపుగోలు పిల్లనే! నువ్వు గట్ల ఉండవేందే?" అంది. కలుపుగోలట! చేలో కలుపు తీసి పెరిగినదాన్ని, నాకు ఆ మాటలో కలుపు ఒక్కటే వినిపించింది.

తర్వాత ఎయిర్‌పోర్టు లాంజ్‌లో ఒక్క ఖాళీ ఉందని తెలిస్తే మేడమ్ రజిత పేరే చెప్పారు. నేను నేరుగా మేడమ్ వాళ్ళింటికి వెళ్ళాను.

"నాకేం తక్కువ మేడమ్? ఆమెకు ఒక్క వాక్యం సక్కగ రాదు."

"నీకు తక్కువని కాదమ్మా మంజులా. నువ్వు మనిషి ఎదురైతే ముందు వాక్యం వెతుక్కుంటావు. రజిత వెతుక్కోదు. అక్కడికి అదే కావాలి. నువ్వు నాతో ఉండి పాఠం చెప్పు."

"ఆమెకు కొలువు, నాకు బోర్డా?"

ఆవిడ తలుపు దగ్గరగా వేసి, లోపల ఎవరూ లేకపోయినా గొంతు తగ్గించారు.

"ఈ ఊరొచ్చి ఇన్నేళ్ళయింది. పక్కింటావిడ గడప తొక్కి కూర్చోవడం నాకింకా చేతకాదు. ఏం మాట్లాడాలో తోచదు. రజిత మా ఇంటికొచ్చిన మొదటిరోజే మా పనమ్మాయితో వరసలు కలిపేసింది. దాన్ని చూస్తే నాకూ కుళ్ళేనమ్మా."

అంత పెద్దావిడ నోట ఆ మాట విని నా కోపం ఏమైపోయిందో తెలియదు. ఆ సాయంత్రం ఇద్దరం కలిసి రజిత గురించి కసితీరా చెప్పుకుని, కసితీరా నవ్వుకున్నాం. మర్నాటి నుంచి నేను ఆవిడ పక్కన పాఠం చెప్పడం మొదలుపెట్టాను. బెదిరి గోడకు అతుక్కునే పిల్లలను మా ఇద్దరికంటే బాగా ఎవరూ గుర్తుపట్టలేరని కొన్నాళ్ళకే తెలిసింది. వాళ్ళను ముందు ఒక్కరితో మాట్లాడించేవాళ్ళం, ఆ తర్వాతే నలుగురితో.

మేడమ్ పోయి రెండో ఏడు నడుస్తోంది. క్లాసు ఇప్పుడు నాదే. అప్పుడప్పుడు రజిత యూనిఫాంలోనే వస్తుంది. గుమ్మంలో అడుగు పెట్టిందో లేదో పిల్లలంతా నన్ను వదిలేసి ఆమె చుట్టూ మూగుతారు. నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆ మంట కంటే, అది చెప్పుకుని నవ్వుకోవడానికి పక్కన మేడమ్ లేకపోవడమే ఎక్కువ బాధ.