గులాబీల కింద పంతొమ్మిది సెకన్లు

పిన్ని పెళ్లి క్యాసెట్లో ఒకచోట తెర నిండా గులాబీ రేకులు రాలతాయి, వెనక సినిమా పాట. పిన్నిని ముస్తాబు చేస్తున్న గదిలో మొదలై, ఆమె పీటల మీద కూర్చున్న షాట్ రాగానే ఆగిపోతాయి. పంతొమ్మిది సెకన్లు. సెకనుకు ఇరవై అయిదు చొప్పున నాలుగు వందల డెబ్బై అయిదు ఫ్రేములు.

రాయపూర్‌లోని రైల్వేలో పనిచేసే మా బంధువుల పాత పెళ్లి క్యాసెట్లతో ఒక చిన్న ప్రయోగాత్మక చిత్రం చేద్దామనుకున్నాను. సిల్తారా ఉక్కు ప్లాంటులో డ్యూటీ లేని రోజుల్లో వాటిని కంప్యూటర్లోకి ఎక్కిస్తుంటే, పిన్ని క్యాసెట్లో రెండు రేకుల సందులో పైకెత్తిన చెయ్యి కనిపించింది.

ఆ క్యాసెట్ మిక్సింగ్ చేసినాయన ఇప్పుడు టాటీబంధ్‌లో జిరాక్స్ షాపు నడుపుతున్నాడు. అసలు టేపులు అట్టపెట్టెలో అలాగే ఉన్నాయి.

“షాదీ మే మార్‌పీట్ థోడీ దిఖాతే హై, భయ్యా!” పెళ్లి వీడియోలో కొట్లాట చూపిస్తామా అని నవ్వాడు. పెళ్లిలో గొడవ జరిగిన చోటల్లా పూలు వేయడం అతని పద్ధతి. మూడు గంటల క్యాసెట్ ఇస్తానని ఒప్పుకున్నాక ఆ ముక్కలు కోసేస్తే నిడివి తగ్గుతుంది మరి.

అసలు టేపులో పాట లేదు. పిన్ని రెండుసార్లు “నేను రాను” అంటుంది. మావయ్య, అంటే అమ్మకీ పిన్నికీ అన్న, లోపలికొస్తాడు. మొదటి దెబ్బ చెంప మీద. రెండోదీ అక్కడే. జడలోని పూలు తెగి కెమెరా వైపు ఎగురుతాయి. మూడోది ఇత్తడి చెంబుతో, కుడి కనుబొమ మీద. ఆ చప్పుడుకి మైకు తట్టుకోలేక శబ్దం పగిలిపోయింది. నాలుగు, అయిదు పిడికిలితో వీపు మీద. ఆరోసారి జుట్టు పట్టుకుని తలను గోడకేసి కొడతాడు. రక్తం తెల్లటి మధుపర్కం మీద కారుతుంది. “మొహం మీద కొట్టకురా, ఫొటోలున్నాయి” అని ఎవరో పెద్దావిడ గొంతు.

కనుబొమ మీది మచ్చ పెళ్లిరోజు పొద్దున బాత్‌రూంలో జారిపడితే వచ్చిందని మాకు చెప్పారు.

ఇంకొకటుంది. కొడుతున్నంతసేపూ పిన్ని చేతుల్ని ఎవరో వెనక్కి విరిచి పట్టుకున్నారు. ఆ మనిషి మొహం తెరలో పడలేదు. ఎడమ అంచున ఒక ముంజేయి మాత్రం ఉంది. దాని మీద అర్ధచంద్రంలా కాలిన మచ్చ. రోజూ నాకు టిఫిన్ డబ్బా అందించిన చెయ్యి అది.

ఫ్రేమును ఎడమవైపు పన్నెండు శాతం కోసేశాను.

పిన్ని ఒప్పుకోకుండా ఆ చిత్రాన్ని ఎవరికీ చూపించకూడదనుకున్నాను. ఒక ఆదివారం ఆమెను మా ఇంటికి పిలిచి, విషయం చెప్పి, కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాను. అమ్మ వంటింట్లో ఉంది. ఆరు దెబ్బలూ పిన్ని రెప్ప వేయకుండా చూసింది.

“ఒరే, నా చేతులెవులు పట్టుకున్నారు?”

నేను వీడియో ఆపేశాను.

“ఇంజనీరువి, ఆమాత్రం తెల్దేటి? చేతులు ఖాళీగా ఉంటే ఊరుకుందునా? నీ మావయ్య మొహం రక్కేద్దును. ఇలాగ చూసినోళ్లు, ఈ గుంట తన్నులు తింటూ అలా నిలబడిపోయిందనుకోరూ? పువ్వులేసినోడికీ నీకూ ఫరక్ ఏటి?”

“పిన్నీ, అది...”

“పూరా పెట్టు.” ఆ మాట అన్నది అమ్మ. చేతులకు పిండితో గుమ్మంలో నిలబడి ఉంది. “అది నా చెయ్యే.”

పిన్ని వెనక్కి తిరగలేదు. “రెండోది?”

“అదీ నాదే.”

కోత పన్నెండు శాతాన్ని సున్నా చేసి మొదటి ఫ్రేము నుంచి మళ్లీ నడిపాను. అమ్మ కూర్చోలేదు. తెర మీద మూడో దెబ్బ పడింది. ఆ ముంజేయి సడలలేదు, ఇంకా బిగిసింది. ముగ్గురం చూశాం.