మైకు మావయ్య మళ్లీ హాజరు పిలిచాడు

మా అత్తయ్య భర్త అసలు పేరు మా వీధిలో సగంమందికి తెలియదు. అందరికీ ఆయన మైకు. లిఫ్టు మెకానిక్కుగా పనిచేసేవాడు. ఎనిమిదో అంతస్తు పైన మోటారు గదిలో నిలబడి "ఇప్పుడు నొక్కు" అంటే కింద ఉన్న మనిషికి ఫోను లేకుండానే వినపడేది. గొంతుకి తగ్గట్టే మాటలూ ఎక్కువే.

ఆ మాటలన్నీ ఖర్చుపెట్టుకోవడానికి ఆయనకో హామ్ రేడియో ఉండేది. లైసెన్సు తీసుకుని, మేడ మీద తీగ కట్టుకుని, సరదాకోసం ఎక్కడెక్కడివాళ్లతోనో మాట్లాడుకునేవాళ్ల రేడియో అది. రోజూ పొద్దున ఏడింటికి అయిదారు ఊళ్లకి చెందినవాళ్లు, మావయ్యతో కలిపి తొమ్మిదిమంది, ఒకేచోటికి ట్యూన్ చేసుకుని కలిసేవాళ్లు. వాళ్లకి హాజరు పిలిచే పని మావయ్యది. పద్దెనిమిదేళ్లు పిలిచాడు. ఎవరి మోకాలు ఎలా ఉంది, ఎవరి మనవరాలి పరీక్ష ఎలా అయింది, ఒక్కొక్కరినీ పేరుపేరునా అడిగేవాడు.

పక్కగదిలో స్కూలు యూనిఫారాలు కుట్టుకునే అత్తయ్య, "ఇంట్లో మనిషి టీ తాగిందో లేదో పట్టదుగానీ, ఊళ్లవాళ్ల మోకాళ్లన్నీ ఈయనకే కావాలి" అని గొణుక్కుంటూ తలుపు వేసుకునేది. పెళ్లయిన ఇరవయ్యారేళ్లలో ఆవిడ ఆ రేడియోని ముట్టుకున్నది దుమ్ము తుడవడానికే.

యాభై నాలుగో ఏట మావయ్య గొంతు బొంగురుపోయింది. జలుబన్నాడు. పని మీద దుమ్మన్నాడు. మూడు నెలలకి అత్తయ్య రెక్కపట్టుకుని ఆస్పత్రికి తీసుకెళ్లింది. క్యాన్సర్ అన్నారు. స్వరపేటిక మొత్తం తీసేస్తే మనిషి దక్కుతాడన్నారు. తీసేశారు. మనిషి దక్కాడు. మెడ ముందు చిన్న రంధ్రం, ఊపిరి దానిలోంచే. కుడి భుజం నరం దెబ్బతిని చెయ్యి సరిగ్గా లేచేది కాదు. చెప్పాల్సినవన్నీ ఎడమచేత్తో నోటుబుక్కులో రాసేవాడు.

ఇంటికి వచ్చిన మూడో రోజు ఏడింటికి రేడియో పెట్టాడు. అవతల ల్యాబ్ మాస్టారు హాజరు పిలుస్తున్నారు. కాలేజీ ఫిజిక్స్ ల్యాబులో ముప్పై ఏళ్లు పరికరాలు చూసుకుని రిటైరైన పెద్దాయన ఆయన. పాఠాలు చెప్పకపోయినా అందరికీ మాస్టారే. చివర్లో ఆయన, "మైకూ, నువ్వు వింటున్నావని మాకు తెలుసు. ఊరికే మీట నొక్కి వదులు, ఆ టిక్కుమనే చప్పుడు చాలు" అన్నారు.

మావయ్య మీట రెండుసార్లు నొక్కి వదిలాడు. "హాజరు వేశాను" అన్నారు మాస్టారు. మావయ్య రేడియో కట్టేసి, దాని మీద తువ్వాలు కప్పేశాడు.

గొంతుకి ఆనించుకుని మరమనిషిలా గరగరమని మాట్లాడే పరికరం ఒకటి ఆస్పత్రివాళ్లు ఇచ్చారు. ఇంట్లో నాలుగు మాటలకి పనికొచ్చేది. ధైర్యం చేసి రేడియోలో ఒకసారి దానితో మాట్లాడితే, కొత్తగా చేరినతను పాపం తెలియక, "ఎవరిదో సెట్టులో ఏదో గోల వస్తోంది, చూసుకోండి" అన్నాడు. ఆ తర్వాత మావయ్య తువ్వాలు తియ్యలేదు. టకటక చప్పుళ్లతో అక్షరాలు పంపే మోర్స్ కొడదామన్నా చెయ్యి కుదురుగా ఆడదు. ఆరు వారాలు అలా గోడకేసి కూర్చున్నాడు. మాటకి ఏనాడూ తడుముకోని అత్తయ్య కూడా ఆ రోజుల్లో ఇంట్లో గొంతు తగ్గించే మాట్లాడింది.

ఏడో వారంలో ల్యాబ్ మాస్టారు రెండు బస్సులు మారి మా ఊరొచ్చారు. చేతిలో గుడ్డసంచీ, సంచీలో పాత ల్యాప్‌టాప్, నాలుగు తీగలు. కూర్చుంటూనే, "నీ టైపింగ్ ఎట్లా ఉంటుందయ్యా?" అని అడిగారు.

మావయ్య ఎడమచెయ్యి చూపించి, ఒక వేలు ఎత్తాడు.

"ఒక వేలు చాలు. డిజిటల్ మోడ్ అని ఉంది. నువ్వు అక్షరాలు కొడితే కంప్యూటర్ వాటిని ఈలలా చేసి రేడియోకిస్తుంది. అవతల కంప్యూటర్ ఆ ఈల విని మళ్లీ అక్షరాలు చేస్తుంది. మధ్యలో గొంతుతో పనే లేదు."

కాగితం మీద బొమ్మ గీసి చూపించారు. రేడియోలోంచి వచ్చే శబ్దం కంప్యూటర్ మైకులోకి ఒక తీగ. కంప్యూటర్ చేసే శబ్దం రేడియోలోకి ఇంకొకటి. ఎప్పుడు వినాలో ఎప్పుడు పంపాలో రేడియోకి చెప్పడానికి మూడోది. రెండింటి కరెంటూ నేరుగా కలిస్తే గుర్రుమని శబ్దం వస్తుంది కాబట్టి, మధ్యలో వేలిగోరంత ట్రాన్స్‌ఫార్మర్లు రెండు.

"టంకం నేను వేస్తాననుకోకు. నా చేతులు టీ కప్పే పట్టుకోలేకపోతున్నాయి. నువ్వే వేసుకోవాలి" అన్నారు.

మావయ్య సోల్డరింగ్ ఐరన్ తీశాడు. టంకం తీగ కరిగి పొగ లేవగానే అది నేరుగా మెడలోని రంధ్రంలోకి పోయింది. ఊపిరాడక, కళ్లవెంట నీళ్లు కారుతుంటే వరండాలోకి పరిగెత్తాడు. అత్తయ్య కుట్టుమిషను ఆపి వచ్చింది. ఆయన దగ్గు తగ్గేదాకా వీపు నిమిరింది. తర్వాత లోపలికొచ్చి, బల్లమీద ఉన్న ప్లగ్గు తీసుకుని వెలుతురుకి పట్టి చూసింది. గుండ్రటి ప్లగ్గు. లోపల ఎనిమిది సూదులు.

"మాస్టారూ, ఏ రంగు తీగ ఎక్కడ అతకాలో చెప్పండి" అంది.

"నీకు టంకం వెయ్యడం వచ్చా అమ్మా?"

"రాదు. కాజాలు కుట్టడం వచ్చు. దీనికంటే సన్నపనే అది."

మొదటి అతుకు ముద్దలా వచ్చింది. రెండోది ఊడింది. అయిదోదానికి ల్యాబ్ మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు. "మా ల్యాబులో ఒక్కడు కూడా ఇంత శుభ్రంగా వెయ్యలేదమ్మా" అన్నారు. అత్తయ్య తల ఎత్తకుండానే, "మీ ల్యాబులో హెడ్మిస్ట్రెస్ వచ్చి కుట్టు విప్పి చూసేది కాదేమో" అంది.

సాయంత్రానికి కేబుల్ తయారైంది. మాస్టారు ఆఖరి బస్సు తప్పిపోతుందని వెళ్లిపోయారు.

మర్నాడు పొద్దున మావయ్య ఒక్కడే మొదలుపెట్టాడు. తెరమీద నీలంగా ఒక జలపాతం లాంటిది కిందికి జారుతోంది. అందులో పచ్చటి గీతలు. ఒక్కో గీతా ఎక్కడో ఒక మనిషి. గీతమీద నొక్కితే అక్షరాలు వచ్చాయి. ఎవరో తన తోట గురించి ఎవరికో చెప్పుకుంటున్నారు. మావయ్య కుర్చీ ముందుకి జరుపుకున్నాడు.

పంపడం అంత తేలిగ్గా కాలేదు. మొదటిసారి రేడియో పంపడం మొదలుపెట్టిందో లేదో, మౌసు బిగుసుకుపోయింది. రేడియో తరంగాలు కంప్యూటర్‌లోకి పోకుండా ఆపే నల్లటి ఫెరైట్ పూస తీగకి తొడిగితే ఆ జబ్బు కుదిరింది. తర్వాత ఫోను మోగింది. అత్తయ్య ఎత్తింది. మాస్టారు.

"అమ్మా, మైకుతో చెప్పు. కంప్యూటర్‌లో మెయిలొచ్చినప్పుడల్లా టింగుమంటోంది చూడు, అది కూడా గాల్లోకి పోతోంది. మీకు ఉత్తరం వచ్చిందని నాలుగు దేశాలకి తెలిసిపోయింది."

మావయ్య నవ్వాడు. శబ్దం లేదు, భుజాలు మాత్రం కదిలాయి. ఆపరేషనయ్యాక ఆయన నవ్వడం చూడటం అదే మొదలని అత్తయ్య ఆ రోజే మా ఇంటికొచ్చి చెప్పింది. చెప్పి, కాసేపు మా వంటింట్లో ఊరికే నిలబడింది.

టింగులన్నీ ఆపేశాక, శబ్దం మోతాదు తగ్గించాక, మూడో రోజు మావయ్య "ఎవరైనా ఉన్నారా" అని పిలుపు కొట్టాడు. ఒక ఓడలో వంటచేసే ఆయన జవాబిచ్చాడు. అరగంట మాట్లాడుకున్నారు. ఆయనకి మావయ్య గొంతు సంగతి తెలియదు. తెలియాల్సిన అవసరమూ రాలేదు. "మీరు నిదానంగా కొడతారు, చదవడానికి హాయిగా ఉంది" అని రాశాడు.

కొత్తవాళ్లతో అలా రెండు నెలలు గడిచింది. పొద్దున ఏడింటి గుంపులో మాత్రం మావయ్య వినేవాడే. వాళ్లందరివీ మామూలు రేడియోలు. మాస్టారు తప్ప ఎవరి దగ్గరా కంప్యూటరు కలిపే కేబుల్ లేదు. వాళ్లని అడగడానికి మావయ్యకి మొహం చెల్లలేదు. నాకోసం వాళ్లెందుకు తంటాలు పడాలి అని నోటుబుక్కులో రాశాడు.

అత్తయ్య అది చదివింది. మాస్టారికి ఫోన్ చేసింది. ఎవరి దగ్గర ఏ రేడియో ఉందో, ఏ ప్లగ్గు కావాలో అడిగి, యూనిఫారాల కొలతలు రాసుకునే పుస్తకంలోనే రాసుకుంది. తర్వాతి రెండు వారాలు మధ్యాహ్నంపూట మిషను చప్పుడు వినపడలేదు. కొత్తగా చేరినతనితో కలిపి ఎనిమిదిమందికి ఎనిమిది కేబుళ్లు కట్టింది. ఒక్కోదానికీ గుడ్డముక్కతో చిన్న సంచీ కుట్టి, ఎవరిది ఏదో దారంతో గుర్తు వేసి, పోస్టులో పంపింది. మావయ్యకి స్కూలు బట్టలన్నట్టు చెప్పింది.

అవి అందుకున్నవాళ్లలో డెబ్భై దాటినవాళ్లు ముగ్గురు. ఒకరు మందుల షాపాయన. ఒకావిడ నర్సు. కంప్యూటర్ ముట్టనివాళ్లు కూడా ఇంట్లోవాళ్లని బతిమాలి నేర్చుకున్నారు.

ఒక ఆదివారం ఏడింటికి మాస్టారు రేడియోలో, "ఇవాళ హాజరు నేను పిలవను, మైకు పిలుస్తాడు. అందరూ ఈలకి మారండి" అన్నారు. మావయ్య నమ్మలేనట్టు అత్తయ్యకేసి చూశాడు. ఆవిడ తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడి ఉంది. "చూస్తారేం, కొట్టండి. వాళ్లు ఎదురుచూస్తున్నారు" అంది.

ఒక్క వేలితో ఒక్కొక్కరి పేరూ కొట్టాడు. ఒక్కొక్కటిగా జవాబులు వచ్చాయి. నర్సమ్మ తప్పుల తడకగా రాసింది. మందుల షాపాయన "ఉన్నాను" అనబోయి "ఉన్నానననన" అని పంపాడు. మావయ్య వెంటనే "మీ మోకాలు ఎలా ఉంది" అని అడిగాడు. పది నిమిషాల్లో అయ్యే హాజరుకి గంటన్నర పట్టింది. అయిపోయాక కేబుళ్లు ఎవరు పంపారో మాస్టారు రాశారు. మావయ్య లేచి వెళ్లి టీ పెట్టి, కప్పు తెచ్చి అత్తయ్య చేతికిచ్చాడు. ఆవిడ కళ్లు తుడుచుకుని, "పంచదార ఎక్కువైంది" అంది. మొత్తం తాగింది.

ఇది జరిగి నాలుగేళ్లయింది. అత్తయ్య పోయినేడు పరీక్ష రాసి తనూ లైసెన్సు తెచ్చుకుంది.

ఈ మధ్య చెకప్పుకి వెళ్లినప్పుడు, మర్నాడు అదే ఆపరేషన్ చేయించుకోబోతున్న ఒక డ్రైవరుతో కాసేపు కూర్చోమని డాక్టరు మావయ్యని అడిగారు. ఆ మనిషి తల దించుకుని, "మాట్లాడకుండా ఎలా బతుకుతున్నారండీ?" అన్నాడు. మావయ్య నోటుబుక్కు తీసి చాలాసేపు రాశాడు. డ్రైవరు భార్య పైకి చదివింది. రేడియో గురించి రెండు ముక్కలే ఉన్నాయి. మిగతాదంతా మనుషుల గురించి. ఆఖర్న ఇలా ఉంది: "నాకు గొంతు పోతే, నాతో మాట్లాడటానికి ఎనిమిదిమంది టైపు చెయ్యడం నేర్చుకున్నారు. మా ఆవిడ టంకం నేర్చుకుంది. గొంతున్నప్పుడు నాకింతమంది ఉన్నారని తెలియనే లేదు. రేపు ధైర్యంగా వెళ్లండి. ఎల్లుండి నేనొచ్చి కూర్చుంటాను."

అన్నట్టే ఆపరేషన్ మర్నాడు వెళ్లి కూర్చున్నాడు.