బాబాయి జీపు ఇంకా తేలలేదు

చూద్దాం బాబాయి పుట్టి బుద్ధెరిగాక ఏ విషయమూ తేల్చలేదు. టీ తాగుతారా అని అడిగితే "చూద్దాం" అంటాడు. టీ వచ్చి, చల్లారి, పైన తొరక కట్టాక కూడా ఇంకా చూస్తూనే ఉంటాడు. వీధి వీధంతా కలిసి ఆయనకు ఆ పేరు పెట్టేసింది. పేరు తనకు నచ్చిందో లేదో ఆయనింకా ఆలోచిస్తున్నాడు.

ఒకసారి క్రాఫు చేయించుకోవడానికి వెళ్లి, పొట్టిగా కొట్టించాలా కాస్త ఉంచాలా తేలక కుర్చీలో అలాగే కూర్చుండిపోయాడు. తర్వాత వచ్చినవాళ్లంతా పక్క కుర్చీలో పని ముగించుకుని వెళ్లిపోయారు. సెలూనతను చీపురు అందుకుని, "బాబాయ్, షట్టరు దించేస్తున్నా" అన్నాడు. "అయితే ఎడమవైపు పొట్టిగా కొట్టెయ్. కుడివైపు సంగతి రేపు చూద్దాం" అన్నాడు బాబాయి. మర్నాడు ఆయన్ని అటునుంచి చూసినవాళ్లు ఒకలా, ఇటునుంచి చూసినవాళ్లు ఇంకొకలా పలకరించారు.

"మా పెళ్లి మా మామగారు తేల్చారు కాబట్టి అయింది. ఈయనకే వదిలేస్తే నేనిప్పటికీ పుట్టింట్లోనే ఉండేదాన్ని" అంటుంది పిన్ని. ఈ మాట కోపంగా అనదు. బయట ఎండగా ఉందన్నంత మామూలుగా అంటుంది.

అలాంటి మనిషి జీపులో ట్రాన్స్‌ఫర్ కేసు పాడైంది. ఇంజిన్ బలాన్ని ముందు చక్రాలకింత, వెనక చక్రాలకింత అని పంచే ఇనప పెట్టె అది. పెద్దకోడలు అందరికీ సరిచూసుకుని వడ్డించినట్టన్నమాట. ఆ పంపకం చెడితే రాళ్లదారిలోనూ బురదలోనూ జీపు మొరాయిస్తుంది. బాబాయి జీపుకు తాడు కట్టించి మెకానిక్ షెడ్డుకు లాగించుకొచ్చాడు.

అప్పటికి మెకానిక్‌కు ఏడుపొక్కటే తక్కువ. జాకు జారి కుడిచెయ్యి నలిగింది. ఎముక అతుక్కుంది కానీ వేళ్లు మాట వినడం మానేశాయి. టీ గ్లాసు పట్టుకుంటే జారిపోయేది. చేతికి పని చెబుతూ ఉంటేనే పట్టు తిరిగొస్తుందన్నాడు డాక్టరు. పని చెప్పేవాళ్లేరీ? దెబ్బతిన్న చేతికి బండి అప్పగించే ధైర్యం ఎవరికుంటుంది? అందరూ రోడ్డవతల కొత్త గ్యారేజీకి పోతున్నారు. ఇక పనిముట్లన్నీ పాత సామాన్ల వ్యాపారికి అమ్మేసి, షెడ్డు మూసేసి, ఏ గోడౌనుకో కాపలా కుదురుదామనుకున్నాడు. ఆ ఆలోచన వచ్చిన పూట అన్నం సహించేది కాదు.

"బాబాయ్, నా చెయ్యి చూస్తున్నారుగా. ఎదురు గ్యారేజీకి తీసుకెళ్లండి" అన్నాడు.

"వెళ్లానయ్యా. ఏ రకం వెయ్యాలో ఇప్పుడే చెప్పమంటారు వాళ్లు. అంత తొందర మనకు పడదు."

ఆ కారణాన్ని అనుమానించాల్సిన అవసరం ఎవరికీ కనిపించలేదు.

పాత సామాన్ల వ్యాపారి మూడు రకాల పెట్టెలు లారీలో వేసుకొచ్చాడు. "నచ్చింది దించుకోండి. మిగతావి నేను పట్టుకుపోతా" అని, మెకానిక్ వైపు తిరిగి, "పనిముట్లు ఎప్పుడిస్తావు?" అని అడిగాడు.

"బాబాయి జీపు అవగానే."

వ్యాపారి ఊరికి కొత్త. ఎంతసేపులే అనుకుని లారీ ఇంజిన్ ఆపకుండానే నిలబడ్డాడు.

మొదట గేర్లతో నడిచే పెట్టె దించారు. మెకానిక్ జీపు కింద వెల్లకిలా పడుకుని, ఎడమచేత్తో బోల్టులు విప్పుతూ, సగం బోల్టులు మొహం మీదే వేసుకున్నాడు. బాబాయి టార్చి పట్టుకుని తన కాళ్ల మీదికే వెలుగు వేసుకుంటూ సాయం చేశాడు. పెట్టె ఎక్కింది, జీపు కదిలింది. వారం తిరక్కుండానే వెనక్కి వచ్చింది.

"మోత ఎక్కువయ్యా. కొండదారిలో పిన్ని మాట ఒక్కటీ వినబడలేదు."

"అది మీకు నష్టమా, లాభమా?"

"చూద్దాం. ముందు గొలుసుతో నడిచేది వేసిపెట్టు."

గొలుసుది మెత్తగా నడుస్తుంది. మెకానిక్ దాన్ని ఎక్కించాడు. బాబాయి మళ్లీ వచ్చాడు.

"మరీ నిశ్శబ్దంగా ఉంది నాయనా. పిన్ని మాటలన్నీ వినబడుతున్నాయి."

మూడోది మందగతి పెట్టె. నిట్టనిలువు ఎత్తునైనా పాకుతూ ఎక్కిస్తుంది. అదీ వేశాడు. దాని మీదా ఫిర్యాదు వచ్చింది.

"మరీ నెమ్మది. ఒక మేక మమ్మల్ని దాటిపోయింది. పోతూ పోతూ వెనక్కి తిరిగి చూసింది."

"అయితే ఏం చేద్దామంటారు?"

"మళ్లీ గొలుసుదే వేసి చూద్దామా?"

ఈలోగా వ్యాపారి లారీ ఇంజిన్ ఆపడం నేర్చుకున్నాడు. వచ్చినప్పుడల్లా పనిముట్ల సంగతి అడిగేవాడు. బాబాయి జీపు అవగానే అనేవాడు మెకానిక్. "యముడొచ్చి పదమన్నా ఈయన చూద్దామనే అంటాడు" అని జీపు కింద పళ్లు నూరేవాడు. తిట్టుకోవడంలో పడి చేతి సంగతి మర్చిపోయేవాడు.

గొలుసు పెట్టె రెండోసారి ఎక్కాక బాబాయి యథాప్రకారం వచ్చాడు. "కొండ ఎక్కుతుంటే కిందనుంచి ఏదో కటకటమంటోంది" అన్నాడు.

మెకానిక్ జీపు కిందికి దూరి, నూనె బిరడా విప్పి బకెట్టు పెట్టాడు. అంతకుముందు సార్లు తిట్టుకుంటూ వంచేశాడే తప్ప నూనె మొహం చూడలేదు. ఈసారి చూశాడు. పోసిన నూనె పోసినట్టే ఉంది. కొండలెక్కిన పెట్టెలో నూనె నల్లబడుతుంది, బిరడాకు ఇనప రజను అంటుకుంటుంది. ఇక్కడ రజను లేదు. పెట్టె మీద బురద చుక్క లేదు. తన వేలి గ్రీజు మరకలు కూడా చెరగలేదు. ఈ జీపు బాబాయి ఇంటినుంచి షెడ్డుకు, షెడ్డునుంచి ఇంటికి తప్ప ఎక్కడికీ పోలేదు.

ఇంకొకటి కూడా అప్పుడే గమనించాడు. బిగుసుకుపోయిన బిరడాను విప్పిన స్పానరు తన కుడిచేతిలో ఉంది. ఆ చెయ్యి ఎప్పుడు అందుకుందో తనకే తెలియదు.

"బాబాయ్" అన్నాడు కిందనుంచే, "కొండ ఎక్కారా?"

"ఎక్కినట్టే."

"ఎక్కారా, లేదా?"

"ఎక్కితే కటకటమంటుందేమో అనిపించింది."

"మరి మేక?"

"మేక నిజం. మా గేటు ముందే దాటింది. అప్పుడు జీపు ఆగి ఉందనుకో."

మెకానిక్ బయటికి వచ్చాడు. బాబాయి పాత టైరు మీద కూర్చుని టార్చి ఆర్పుతూ వెలిగిస్తూ ఉన్నాడు.

"నిజం చెప్పండి. ఈ మూడింటిలో మీకేది కావాలి?"

"మొదటిదే. చూడగానే నచ్చింది" అన్నాడు బాబాయి, నేరం ఒప్పుకున్నట్టు.

క్రాఫుకు రెండోవైపు తేల్చుకోలేని మనిషి ఒక్క చూపులో తేల్చుకున్నాడు. తేల్చుకుని, మెకానిక్ చేతికి పని దొరకాలని ఇన్నాళ్లూ కడుపులో దాచుకున్నాడు. అలాంటి మనిషికి అదెంత కష్టమో మెకానిక్ ఊహించగలడు.

"పిన్నికి తెలుసా?"

"తెలుసు. 'మీకొచ్చిన విద్య ఇదొక్కటే, ఇన్నాళ్లకు ఒకరికి పనికొస్తోంది, కానివ్వండి' అంది."

అంతలో వ్యాపారి వచ్చాడు. "జీపు అయిందా?"

"అయింది."

"మరి పనిముట్లు?"

"అమ్మను. నువ్వు ఆ మొదటి పెట్టె దించు. బాబాయి తేల్చేశారు."

వ్యాపారి బాబాయి వైపు చూశాడు. గొంతు తగ్గించి, "ఆయనకు ఒంట్లో బాగానే ఉందా?" అని మెకానిక్‌ను అడిగాడు.

బాబాయి టైరు మీదనుంచి లేవబోయి మోకాళ్లు సహకరించక ఆగాడు. మెకానిక్ కుడిచెయ్యి చాచాడు. ఆయన చెయ్యి పట్టుకుని ఒక్క ఊపున పైకి లేపాడు.

"అబ్బా, నెమ్మదయ్యా. వేళ్లు విరిచేస్తావా ఏంటి?"

బాబాయి తన చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. ఎర్రగా కందిపోయిన వేళ్లను వ్యాపారికి కూడా చూపించాడు. "చూడు, ఎంత గట్టిగా పట్టేశాడో" అన్నాడు. తర్వాత ఆ కందిన చెయ్యి పిన్నికి చూపించాలని గబగబా ఇంటివైపు నడిచిపోయాడు. వీధి మలుపు దాకా ఆయన ఆ చేతిని పైకెత్తి పట్టుకునే వెళ్లాడు.