పడుగు పట్టే వీధి

డెబ్బైల చివర్లో ధర్మవరం పక్కన నేతవాళ్లకు ఇళ్ల కాలనీ కడుతుంటే నేను ఓవర్సీర్‌ని. కొత్త ఉద్యోగం, కొత్త సైకిలు, ముక్కు మీద కోపం. ప్లాను నేనే గీశాను. మధ్యలో చిన్న పార్కు, దాని చుట్టూ వంపు తిరిగే వీధులు. ఏదో పత్రికలో పట్నం కాలనీ బొమ్మ చూసి మనసు పారేసుకున్నాను. ఫైల్లో ‘లబ్ధిదారుల అభిప్రాయం’ అని ఒక గడి ఉండేది. అది నింపితే గానీ పునాదులు తవ్వనివ్వరు.

నేతవాళ్లందరినీ కూర్చోబెట్టి, నీలం రంగు ప్లాను కాగితం పరిచి అరగంట ఉపన్యాసం దంచాను. ఒక పెద్దాయన కాగితం కొసను వేళ్ల మధ్య నలిపి చూశాడు.

“నీలం బాగుండాది సార్. అంచు ఇంకో రెండు వేళ్లు వెడల్పు పెడితే నిండుగా ఉంటాది.”

ఆయన అంచు అన్నది నా కాంపౌండు గోడను! చీర డిజైను అనుకున్నాడు పాపం. నాకు నవ్వాగలేదు. మిగతావాళ్లను అడిగితే, “మీరు సదువుకున్నోళ్లు, మీ ఇష్టం సార్” అన్నారు. నాకు అంతే కావాలి. గడిలో ‘అభ్యంతరం లేదు’ అని రాసి, ఎంత బాగా చెప్పానోనని దారి పొడుగునా నన్ను నేనే మెచ్చుకున్నాను.

పునాదులకు ముందురోజు నేల మీద సున్నంతో ముగ్గు పోయించాను. అప్పుడు వచ్చింది పెద్దాయన భార్య. గీతల మధ్య అడుగులో అడుగు వేస్తూ నడిచి, వంపు దగ్గర ఆగిపోయింది.

“ఏమప్పా, పడుగు యాడ పరచాల?”

“ఇల్లు కట్టిస్తున్నాం కదవ్వా, ఇంట్లోనే నేసుకోండి.”

“మగ్గం ఇంట్లో పడతాది నాయనా. పడుగు పడతాదా?”

“కాగితం చూపించినప్పుడు నోరెందుకు మెదపలేదు?”

“కాగితంలో మాకేం తెలుస్తాది? ఈడ తెలిసింది.”

రేపు పెద్ద ఇంజనీరు వస్తున్నారు, ఇక మార్చేది లేదని కసిరి సైకిలెక్కాను.

మర్నాడు పొద్దున్నే ఆయన జీపు దిగేసరికి నా ముగ్గు మీద ఎర్రటి పట్టు పడుగు పరిచి ఉంది. పడుగంటే చీరకు కావలసిన నిలువు దారాలు; వాటన్నిటినీ బారుగా లాగి, తెగినవి అతికి, చిక్కు తీసి చుట్టుకోవాలి. దానికి తిన్నని వీధి కావాలి, వంపు పనికిరాదు. ఆ పడుగు రెండిళ్ల వంటగదులు దాటి నా పార్కు నడుమ ఆగింది. అటూ ఇటూ నేతవాళ్లంతా నిలబడి కబుర్లు, నవ్వులు, తినడానికి బేసిన్ నిండా బొరుగుల ఉగ్గాని. పునాదులు పడితే ఆ ఇళ్లలో ఎవరూ నేయలేరు, నేయలేని చోట ఎవరూ కాపురముండరు. అది నాకు అప్పుడు తెలిసింది.

“ఏమిటిదంతా?” అన్నారు ఇంజనీరు.

పెద్దాయన హుషారుగా చెప్పాడు. “ఓవర్సీరు సారు కాగితంలో చూపిచ్చినాడు, మేము పడుగుతో చూపిచ్చినాం సార్.”

“అభ్యంతరం లేదని రాశావే?” నా వైపు తిరిగారు.

“అడగడం చేతకాక రాశాను సార్.”

ఆయన నన్ను ఎగాదిగా చూసి, అందించిన ఉగ్గాని తిని, ప్లాను మార్చడానికి వారం గడువిచ్చారు. అవ్వ పడుగు కొసనున్న కర్ర నా చేతుల్లో పెట్టి, “పట్టుకో నాయనా, వదలొద్దు” అంది. చుట్టడం పూర్తయ్యేదాకా పట్టుకునే ఉన్నాను. చేతులు లాగేశాయి గానీ, అంత సంతోషం నాకు ఉద్యోగం వచ్చిన రోజు కూడా లేదు.

ఆ వారమంతా కాగితం ఇంట్లో పెట్టి సున్నం డబ్బాతో వెళ్లాను. ముందు అవ్వ నడిచేది, వెనక నేను గీసేవాణ్ని. ముగ్గు పూర్తయ్యాక మళ్లీ పడుగు పరిచారు. ఈ కొస నుంచి ఆ కొసకు ఏ గోడా అడ్డం రాలేదు. ఫైలు తెరిచి, పాత మాట కొట్టేసి, గడిలో ఏం రాయమంటావని అవ్వనే అడిగాను.

“పడుగు పట్టిందని రాయి.”

అలాగే రాశాను. పెద్ద ఇంజనీరు ఒక్క అక్షరం మార్చకుండా సంతకం పెట్టారు.