అంచున ఉన్న బంటు

కరోనా తగ్గి టోర్నమెంట్లు మళ్లీ మొదలైన ఏడాది, వేసవిలో, నేరేడ్‌మెట్‌లోని ఒక ఫంక్షన్ హాల్లో జరిగిన జూనియర్ చెస్ సెలక్షన్లకు నన్ను చీఫ్ ఆర్బిటర్‌గా వేశారు. ఆర్బిటర్ అంటే చదరంగంలో అంపైరు. గడియారాలు, నిబంధనలు, ఫిర్యాదులు నా బాధ్యత. భోజనాలు, బహుమతులు చెస్ సంఘం సెక్రటరీవి. ఆట సాగుతున్నంతసేపు హాల్లో అతను కూడా ప్రేక్షకుడే.

ఆఖరి రౌండు మొదటి బల్ల దగ్గర ఇద్దరు ఇంటర్ విద్యార్థులు: లాలాగూడ అమ్మాయి ప్రిసిల్లా, అల్వాల్ అబ్బాయి తరుణ్. తరుణ్‌కు అర పాయింటు ఆధిక్యం. డ్రా అయితే రాష్ట్ర జట్టులో చోటు అతనిది, ప్రిసిల్లా గెలిస్తే ఆమెది. పోటీలకు స్పాన్సరు తరుణ్ పెదనాన్న.

మిగతా ఆటలన్నీ ముగిశాయి. ఈ బల్ల మీద ఇద్దరు రాజులు, చెరి నాలుగు బంట్లు మిగిలాయి. సెక్రటరీ నా దగ్గరికి వచ్చాడు.

"ఏంది మేడమ్, నాలుగుకు నాలుగే ఉన్నయ్ గద. డ్రా అని చెప్పేయండ్రి. చీఫ్ గెస్ట్ వచ్చి కూసున్నడు."

డ్రా ఆటగాళ్లు ఒప్పుకుంటేనో, నిబంధన వర్తిస్తేనో అవుతుందని చెప్పాను. నేను చెప్పకూడనిది ఇంకొకటి ఉంది. బంట్లు సమానమే గాని ఆట సమానం కాదు. ప్రిసిల్లా బంటు ఒకటి ఎడమ అంచున ఒంటరిగా ఉంది. దాని దారిలో గాని, పక్క వరుసలో గాని ఎదుట ప్రత్యర్థి బంటు లేదు. దాన్నే పాస్డ్ పాన్ అంటారు. వదిలేస్తే చివరి గడి చేరి మంత్రి అవుతుంది. ఆపాలంటే తరుణ్ రాజు అంత దూరం పోవాలి. పోతే కుడివైపు అతని బంట్లకు కాపలా ఉండదు.

నేను అటు తిరగగానే సెక్రటరీ ప్రిసిల్లా మీదికి వంగాడు.

"డ్రా తీస్కో బిడ్డా. ఆడపిల్లవు, గింత పట్టుదల ఎందుకు? నీకు సుత కప్పు ఇప్పిస్తా."

అప్పుడు నడుస్తున్నది ఆ పిల్ల గడియారం. నాకు ఒళ్లు మండిపోయింది. వెళ్లి గడియారం ఆపేశాను.

"బయటికి నడవండి."

"నేను సెక్రటరీని మేడమ్."

"తెలుసు. నడవండి."

"మళ్లొక పోటీకి మిమ్మల్ని ఎవరు పిలుస్తరో చూస్త."

"పిలవకండి. ఇప్పుడు మాత్రం నడవండి."

అతను గుమ్మం దాకా పోయి అక్కడే నిలబడ్డాడు. నిబంధన ప్రకారం ప్రిసిల్లాకు పోయిన సమయం కలిపాను. తరుణ్ తల దించుకుని, "నేను అడగమనలే మేడమ్" అన్నాడు.

ప్రిసిల్లా అంచు బంటును ముందుకు తోసింది. తరుణ్ రాజు దాని వెంట పోయాడు. ఆమె రాజు రెండోవైపుకు నడిచి అతని బంట్లను ఒక్కొక్కటే తీసేశాడు. తరుణ్ చేయి చాచి ఓటమి ఒప్పుకున్నాడు.

"రాజు ఇంక బతికే ఉన్నడు గద, ఎందుకు ఇడిసిపెట్టినవ్?" గుమ్మంలోంచి సెక్రటరీ.

"నా రాజు ఆ బంటు ఎనక పోయినప్పుడే అయిపోయింది అంకుల్," అన్నాడు తరుణ్. " మీరు ఉత్తగ బంట్లు లెక్కపెడుతున్నరు."

ఆ సంఘం నన్ను మళ్లీ పిలవలేదు. సెక్రటరీ మీద నేను పైవాళ్లకు చేసిన ఫిర్యాదుకు జవాబు రాలేదు. దానికి ఇప్పటికీ మండుతుంది.

పాస్డ్ పాన్ బలం మంత్రి కావడంలోనే కాదు, ఎదుటి రాజును చోటు వదిలేలా చేయడంలోనూ ఉందని శిక్షణలో నేర్చుకున్నాను. ఆ రోజు నేర్చుకున్నది ఆర్బిటర్ పని గురించి. ఆ తర్వాత రిటైరయ్యేదాకా, వేరే సంఘాల పోటీల్లో, గడియారాలు మొదలుపెట్టించక ముందే సంఘం వాళ్లను, హోదా చూడకుండా, హాలు బయటికి పంపి తలుపు వేయించాను.